సొంత సైటు కట్టుకునేవాళ్లకి: మీ ప్రశ్నలు, నా జవాబులు

"సొంతంగా వెబ్‌సైటు పెట్టాలనుకుని ఎక్కడ ఆగిపోయారో రాయండి" అని పోయిన సంచికలో అడిగాం. మెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు, నాలుగైదు పోస్టు కార్డులు కూడా వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చే ఏడు ప్రశ్నలు ఇక్కడ తీసుకున్నాను. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి అందరివీ పని, ఊరు మాత్రమే వేస్తున్నాం.

*ప్ర: ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. హైదరాబాద్, బెంగళూరు వాళ్లు "మీకు సైటు ఉందా" అని అడుగుతున్నారు. ఒకాయన్ని కదిపితే 35 వేలవుతుంది, కార్టు అదీ పెట్టిస్తానన్నారు. అంత పెట్టాలా? నాకు ఫోన్ తప్ప కంప్యూటర్ పెద్దగా రాదు. (గృహిణి, తణుకు)*

అంత అక్కర్లేదమ్మా, ఇప్పుడైతే అసలే అక్కర్లేదు. సైటు ఉందా అని అడిగేవాళ్లు కార్టు కోసం, అంటే సైటులోనే సరుకు ఎంచుకుని డబ్బు కట్టే ఏర్పాటు కోసం, అడగట్లేదు. ఏమేం పచ్చళ్లున్నాయి, అరకేజీ ఎంత, కేజీ ఎంత, కొరియర్‌కి ఎంత పడుతుంది, ఎన్ని రోజులకి చేరుతుంది, ఇవన్నీ ప్రతిసారీ మిమ్మల్ని అడిగి ఇబ్బంది పెట్టకుండా ఒకచోట చూసుకుందామని అడుగుతున్నారు. అది ఒక్క పేజీలో అయిపోతుంది.

సైటంటే మూడు ముక్కలు. ఒకటి పేరు, దాన్నే డొమైన్ అంటారు. కొన్నాం అంటాం కానీ నిజానికి ఏడాదికింత అని కట్టి మన పేరు మీద ఉంచుకోవడమే, కట్టడం మానేస్తే పోతుంది. డాట్ ఇన్, డాట్ కామ్ పేర్లు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా ఉంటాయి. మొదటి ఏడాది 99, 199 అని పెద్ద అక్షరాలతో వేస్తారు, మీరు మాత్రం రెన్యువల్ ధర ఎంతో వెతికి చూసి అప్పుడు తీసుకోండి. రెండోది హోస్టింగ్, అంటే మీ పేజీ 24 గంటలూ ఉండే కంప్యూటర్లో కాస్త చోటు. మూడోది ఆ పేజీ. పేజీకి, చోటుకి మీకు రూపాయి ఖర్చు కాదు. జీమెయిల్ ఉంటే చాలు, గూగుల్ సైట్స్ ఉచితం, దానికి మీ సొంత డొమైన్ తగిలించుకోవచ్చు కూడా. ఫోన్‌లో ఎడిట్ చేయడం మాత్రం కష్టం. మీ వీధిలో కాలేజీ పిల్లలెవరో ఉంటారు, ఒక ఆదివారం పూట ల్యాప్‌టాప్ తెచ్చుకుని పక్కన కూర్చోమనండి, కానీ మౌస్ మీ చేతిలోనే ఉండాలి. ఉసిరికాయ అయిపోయిందనో, గోంగూర ధర మారిందనో మార్చాల్సింది రేపు మీరే.

ఇక పేజీలో ఏం పెట్టాలి. పైన మీ పచ్చళ్ల పేరు, ఊరు. కింద రకాలు, బరువు, ధర. ఆ కింద కొరియర్ సంగతి. చివర ఆర్డర్ బటన్. ఆ బటన్‌కి ఇచ్చే లింకు డబ్ల్యూఏ డాట్ ఎంఈ, తర్వాత ఏటవాలు గీత (/), తర్వాత 91, వెంటనే మీ పదంకెల నంబరు. మధ్యలో ప్లస్ గుర్తు, ఖాళీ, ముందు సున్నా ఏవీ ఉండకూడదు. నొక్కగానే నేరుగా మీ వాట్సాప్ చాట్ తెరుచుకుంటుంది. మీకు అలవాటైన పద్ధతిలోనే ఆర్డర్లు వస్తాయి, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఫోటోల గురించి ఒక్క మాట, ఎందుకంటే పచ్చడిని చూసే కొంటారు. ట్యూబ్‌లైటు కింద తీస్తే ఆవకాయ ఎరుపు మట్టిరంగులోకి దిగిపోతుంది. పొద్దున పూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి, జాడీ అంచున పేరుకున్న నూనె కనిపించాలి. ఫోన్‌లో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీ ఉంటుంది, అలాంటివి పది పెడితే సిగ్నల్ సరిగా లేని చోట పేజీ తెరుచుకునేలోపే జనం వెళ్లిపోతారు. వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గిస్తే ఒక్కోటి 200 కేబీ లోపుకి వస్తుంది, చూడ్డానికి తేడా తెలియదు.

ఆహార పదార్థాలు అమ్మేవాళ్లకిచ్చే మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, 14 అంకెలది, పేజీలో కనబడేచోట వేయండి. ఇంకా తీసుకోకపోతే సైటు సంగతి పక్కనబెట్టి ముందు అది చూడండి, ఇంట్లో చేసి అమ్మేవాళ్లకి కూడా అది తప్పనిసరి. ఆ 35 వేల కార్టు సంగతంటారా, రోజుకొచ్చే ఆర్డర్లకి జవాబు టైపు చేయలేక వేళ్లు నొప్పెట్టే రోజున మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

*ప్ర: నోట్‌ప్యాడ్‌లో హెచ్‌టీఎంఎల్ రాసి సైటు చేశాను. నా ల్యాప్‌టాప్‌లో ఫోటోలన్నీ కనిపిస్తున్నాయి. అప్‌లోడ్ చేశాక సగం ఫోటోలు రావట్లేదు. రెండు రోజుల నుంచి కొట్టుకుంటున్నాను. (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)*

తమ్ముడూ, నువ్వు పంపిన కోడ్ చూశాను. నువ్వు రాసిన హెచ్‌టీఎంఎల్‌లో, అంటే పేజీని రాసే కోడ్‌లో, మిగతాదంతా బాగానే ఉంది, తప్పు ఫోటో ఫైళ్ల పేర్లలో, దారుల్లో ఉంది.

సగం వచ్చి సగం రాకపోవడమే ఇక్కడ ఆధారం. విండోస్‌కి ఫైలు పేరులో క్యాపిటల్ అక్షరమైనా స్మాల్ అక్షరమైనా ఒకటే. సైట్లు ఉండే కంప్యూటర్లు, అంటే సర్వర్లు, చాలావరకు విండోస్ కాకుండా లైనక్స్ అనే వ్యవస్థతో నడుస్తాయి, వాటికి అవి రెండు వేర్వేరు పేర్లు. నీ ఫోన్ నుంచి తెచ్చిన ఫోటోల చివర జేపీజీ అని క్యాపిటల్ అక్షరాల్లో ఉంది, నువ్వు కోడ్‌లో స్మాల్ అక్షరాల్లో రాశావు. నీ ల్యాప్‌టాప్ సర్దుకుపోయింది, సర్వరు అలాంటి ఫైలే లేదంటోంది. నెట్ నుంచి దింపుకున్నవి మొదటినుంచీ స్మాల్‌లోనే ఉన్నాయి కాబట్టి అవి వచ్చాయి.

ఇంకో రెండు ఫోటోలకి మాత్రం నువ్వు సీ డ్రైవ్ దగ్గర్నుంచి మొత్తం దారి రాశావు. ఆ దారి నీ ఒక్కడి ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది కదా, చూసేవాళ్లకి ఎక్కడిది. ల్యాప్‌టాప్‌లో కనిపించినవి అప్‌లోడ్ చేశాక కనిపించకపోవడానికి కారణం అదే. పేజీ ఉన్న ఫోల్డర్లోనే ఫోటోలకి ఇంకో ఫోల్డర్ పెట్టుకుని, అక్కణ్నుంచి మాత్రమే దారి ఇవ్వు.

ఇప్పట్నుంచి ఒక అలవాటు చేసుకో: ఫైలు పేర్లన్నీ స్మాల్ ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, రెండు మాటల మధ్య చిన్న అడ్డగీతతో (-). మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే ఉండాలి. నోట్‌ప్యాడ్ చెప్పాపెట్టకుండా చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నది ఆన్ చేసుకుంటే బయటపడుతుంది. ఇంకోసారి ఏదైనా ఫోటో రాకపోతే దాని మీద రైట్ క్లిక్ చేసి కొత్త ట్యాబ్‌లో తెరువు. పైన అడ్రస్ బార్‌లో సర్వరు ఏ పేరు కోసం వెతుకుతోందో అక్షరం అక్షరం కనిపిస్తుంది. నువ్వు అప్‌లోడ్ చేసిన పేరుతో పక్కపక్కన పెట్టి చూడు. అయిదు నిమిషాల పని, రెండు రోజుల టెన్షన్ అక్కర్లేదు.

*ప్ర: 30 ఏళ్లుగా రాసిన వ్యాసాలు డీటీపీ చేయించి ఉంచుకున్నాను, అను ఫాంట్లలో ఉన్నాయి. సైటులో పెడదామని కాపీ చేస్తే అన్నీ అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి. అన్నీ మళ్లీ టైపు చేయించాలా? (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, నరసరావుపేట)*

అక్కర్లేదు మాస్టారూ. మీ ఫైళ్లు పాడవలేదు, కంగారు పడకండి.

అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో జరిగేది ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు తీసేస్తే అసలున్నది బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ సొంత సంఖ్య ఉంది. ఫోన్లో మీ మనవలు టైపు చేసే తెలుగు, వాట్సాప్‌లో వచ్చే తెలుగు, గూగుల్ వెతికే తెలుగు అంతా అదే. మీ వ్యాసాలు అందులోకి మారితేనే ఎవరైనా వెతికినప్పుడు దొరుకుతాయి.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉచితంగా ఉన్నాయి, ఏ డీటీపీ సెంటర్లో అడిగినా మార్చి ఇస్తారు. ముందు ఒకే ఒక్క వ్యాసం మార్పించి చూడండి. అను ఫాంట్లలోనే వెర్షన్లు వేరు కాబట్టి కన్వర్టర్‌లో సరైనది ఎంచుకోకపోతే ఒత్తులు తారుమారవుతాయి. మార్చాక ప్రూఫు చూడకుండా మాత్రం పెట్టొద్దు. సంయుక్తాక్షరాలు, క్రావడులు, కొటేషన్ గుర్తులు, అంకెలు, ఈ నాలుగు చోట్లా ఎక్కువ తప్పులు వస్తాయి. మీరు పద్యాలు కూడా ఉటంకించారు, అక్కడ అరసున్నలు, బండి ఱలు ఒక్కొక్కటీ కళ్లతో చూసుకోవాల్సిందే. ఆ పని మీకంటే బాగా చేసేవాళ్లు లేరు కూడా.

పేజీ తయారుచేసేవాళ్లకి నాలుగు సంగతులు చెప్పండి. పేజీ మొదట్లోనే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ప్రకటించాలి, యూనికోడ్ సంఖ్యల్ని ఫైల్లో రాసే పద్ధతి పేరది. అది లేకపోతే బ్రౌజర్ మీ తెలుగుని వేరే లెక్కలో చదవొచ్చు. అప్పుడు నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో వరసగా కనిపిస్తాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు, ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలుగా చదివితే వచ్చే గందరగోళం అది. ఇది చూసి ఫైలు పోయిందనుకున్న వాళ్లని ఎంతమందిని చూశానో. ప్రకటన సరిచేస్తే అంతా తిరిగొస్తుంది.

రెండోది, వరసల మధ్య ఎడం. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం తెలుగుకి చాలదు, పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి, లైన్ హైట్ 1.7 దాకా పెట్టమనండి. మూడోది, పుస్తకంలోలా రెండు అంచులూ సమంగా రావాలని జస్టిఫై పెట్టొద్దు. తెలుగు మాటలు పొడుగు, ఫోన్ తెరేమో సన్నం, మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వచ్చి చదివే కన్ను ఆగిపోతుంది. నాలుగోది ఫాంటు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా ఉన్నాయి, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ధూర్జటి అన్నీ అక్కడే. వ్యాసానికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ హాయిగా ఉంటుంది, శీర్షికకి రామభద్ర నిండుగా ఉంటుంది. అంతకుమించి ఫాంట్లు కలపొద్దు.

మాస్టారూ, 30 ఏళ్ల రాత అన్నారు. సీడీల్లో, పాత హార్డ్ డిస్కుల్లో ఉన్నవి ఈ నెలలోనే పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ మీ అబ్బాయి దగ్గరకీ చేర్పించండి. సైటు వచ్చే నెలైనా పెట్టుకోవచ్చు.

*ప్ర: కోచింగ్ సెంటర్‌కి నాలుగేళ్ల కింద ఒకబ్బాయి సైటు చేసిచ్చాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. వారం నుంచి సైటు రావట్లేదు. పాంప్లెట్ల మీద, బోర్డు మీద అదే పేరుంది. (కోచింగ్ సెంటర్ నిర్వాహకుడు, నిజామాబాద్)*

ఇది చదువుతుంటే మా ఇంట్లో జరిగిందే గుర్తొచ్చింది. మా అన్నయ్య క్లినిక్‌కి కూడా ఇలాగే తెలిసినాయన సైటు చేశారు, డొమైన్ ఆయన మెయిల్‌తోనే తీశారు. ఆయన ఉద్యోగం మారారు, ఆ పాత మెయిల్ చూడ్డం మానేశారు. రెన్యువల్ చేయండని వచ్చిన నోటీసులన్నీ ఎవరూ తెరవని ఆ మెయిల్‌బాక్స్‌లోకే పోయాయి. మాకు తెలిసేసరికి ఆ పేరు ఇంకెవరో తీసుకున్నారు. డబ్బుదేముంది, ఎనిమిదేళ్లుగా పేషెంట్లకి అలవాటైన పేరు పోయిందని అన్నయ్య చాలా బాధపడ్డాడు. అందుకే ఈ విషయంలో నేను కాస్త గట్టిగా చెబుతాను, డొమైన్ ఎప్పుడూ యజమాని పేరు మీద, యజమాని మెయిల్‌తో, యజమాని కార్డుతోనే కొనాలి. చేసిపెట్టేది సొంత తమ్ముడైనా సరే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు హూయిజ్ అనే సేవలో మీ సైటు పేరు వెతకండి, ఉచితమే. యజమాని వివరాలు కనిపించకపోవచ్చు గానీ ఏ రిజిస్ట్రార్ దగ్గర, అంటే డొమైన్లు అమ్మే ఏ కంపెనీ దగ్గర ఉందో, గడువు ఎప్పటిదాకో కనిపిస్తాయి. గడువు తేదీ ఇంకా ఉంటే పోయింది బహుశా డొమైన్ కాదు, హోస్టింగ్ అయ్యుండొచ్చు. అది వేరేచోట మళ్లీ పెట్టుకోవచ్చు, అంత భయం లేదు.

గడువు దాటి ఉంటే ఈ రోజే కదలాలి. డాట్ కామ్ పేరైతే గడువు తర్వాత రిజిస్ట్రార్ కొన్ని రోజులు మామూలు ధరకే రెన్యువల్ చేయనిస్తారు. ఆ తర్వాత తొలగిస్తే 30 రోజుల రిడెంప్షన్ కాలం మొదలవుతుంది, అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే చాలా ఎక్కువ కట్టాలి. అదీ దాటితే అయిదు రోజుల్లో పేరు విడుదలవుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. కాబట్టి ఆ అబ్బాయిని పట్టుకోండి, కోపంగా కాదు, వాళ్లింటికి మనిషిని పంపి నెమ్మదిగా అడగండి. అతనికి మీరేమైనా బాకీ ఉంటే తీర్చేయండి. రెన్యువల్ డబ్బులు మీరే కట్టి, ఆథ్ కోడ్ ఇవ్వమని అడగండి, ఆ కోడ్‌తో పేరుని మీ అకౌంట్‌లోకి బదిలీ చేసుకోవచ్చు. మీరు డబ్బు కట్టిన రసీదులు, అప్పటి మెసేజీలు ఉంటే దాచుకోండి, రిజిస్ట్రార్‌కి రాసేటప్పుడు పనికొస్తాయి.

చేతికొచ్చాక ఆటో రెన్యువల్ ఆన్ చేయండి, వీలైతే మూడేళ్లకో అయిదేళ్లకో ఒకేసారి కట్టేయండి. లాగిన్, పాస్‌వర్డ్, గడువు తేదీ ఒక కాగితం మీద రాసి మీ ట్రేడ్ లైసెన్సు పెట్టిన ఫైల్లోనే పెట్టండి.

*ప్ర: సైటు పెట్టి రెండు నెలలైంది. గూగుల్‌లో మా ఫంక్షన్ హాల్ పేరు కొట్టినా రావట్లేదు. (ఫంక్షన్ హాల్ యజమాని, అనకాపల్లి)*

మీ సైటు తెరిచి చూశానండి. పేరు, వసతులు, ఫోన్ నంబరు, దారి అన్నీ ఒక ఫ్లెక్సీ బ్యానర్ బొమ్మలో ఉన్నాయి, ఆ బొమ్మే మొత్తం పేజీ. మనకి చదవడానికి బాగానే ఉంది గానీ గూగుల్‌కి అది అక్షరాలు లేని ఖాళీ పేజీ కింద లెక్క. ఆ సమాచారమంతా టైపు చేసి అక్షరాలుగా పెట్టించండి, నొక్కితే ఫోన్ కలిసేలా నంబరు కూడా. పేజీ టైటిల్లో "హోమ్" అనుంది, దాని బదులు హాల్ పేరు, ఊరు ఉండాలి.

మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టింది కాబట్టి సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట సెర్చ్ ఇంజన్లని రావద్దని చెప్పే టిక్కు ఒకటుంటుంది, సైటు తయారవుతున్నప్పుడు పెట్టి తర్వాత తీయడం మర్చిపోతుంటారు, చూడండి. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటు నమోదు చేయండి, ఉచితం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టండి, హాల్ వెతికేవాళ్లు ముందు మ్యాప్‌లోనే చూస్తారు. ఫలానా రోజులకి మొదటి స్థానం గ్యారంటీ అనేవాళ్లకి మాత్రం డబ్బు ఇవ్వొద్దు, ఆ గ్యారంటీ ఎవరి చేతిలోనూ లేదు.

*ప్ర: ఏఐ అడిగితే సైటు మొత్తం రాసిచ్చేస్తోంది కదా, ఇంకా హెచ్‌టీఎంఎల్ నేర్చుకోవడం ఎందుకు? (ఇంటర్ విద్యార్థిని, సిద్దిపేట)*

రాయించుకో తల్లీ, నేనూ రాయించుకుంటాను. కానీ చదవడం రావాలి. అది ఇచ్చిన పేజీలో ఒక ఫోన్ నంబరు తప్పుంటేనో, లేని అడ్రసు వేస్తేనో, ఎక్కడుందో వెతికి మార్చుకోవాల్సింది నువ్వే. హెచ్‌టీఎంఎల్ ఏళ్ల చదువు కాదు, రోజూ గంట కూర్చుంటే వారంలో శీర్షిక, పేరా, లింకు, ఫోటో, జాబితా వచ్చేస్తాయి, ఒక పేజీకి వాటితోనే సరిపోతుంది. మీ అమ్మమ్మ చేసే సకినాల మీదో, మీ ఊరి బస్సు టైముల మీదో ఒక పేజీ పూర్తిగా నీ చేత్తో టైపు చెయ్. నియోసిటీస్‌లో గానీ గిట్‌హబ్ పేజెస్‌లో గానీ ఉచితంగా పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఏఐ రాసింది చూస్తే నీకే తెలుస్తుంది, ఎక్కడ అనవసరంగా పెంచిందో.

*ప్ర: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సైటులో ఫ్లాట్ల వాళ్ల ఫోన్ నంబర్ల పేజీకి జావాస్క్రిప్ట్‌తో పాస్‌వర్డ్ పెట్టాను. సేఫేనా? (ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి)*

కాదండి. మీ పేజీ మీద రైట్ క్లిక్ చేసి వ్యూ పేజ్ సోర్స్ నొక్కితే పాస్‌వర్డూ, దాని కిందే నంబర్లూ అన్నీ నాకు కనిపించాయి. జావాస్క్రిప్ట్ నడిచేది చూసేవాళ్ల బ్రౌజర్‌లోనే, అక్కడికి పంపిన ఏదీ దాచినట్టు కాదు, తాళం సర్వర్ దగ్గర ఉండాలి. ఈ పూటే ఆ పేజీ తీసేయండి. నంబర్లని గూగుల్ షీట్‌లో పెట్టి ఫ్లాట్ల వాళ్ల జీమెయిళ్లకి మాత్రమే షేర్ చేయండి, మీకు కావాల్సింది దానితోనే జరిగిపోతుంది. ఆ పాస్‌వర్డే ఇంకెక్కడైనా, ముఖ్యంగా మీ మెయిల్‌కో బ్యాంకుకో వాడుతుంటే అక్కడ కూడా మార్చేయండి.